పధ్నాలుగు వందల ఏళ్ళుగా గుర్తున్న విందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనుల్లోనూ మనిషి తాహతు ఎంతో, ఓర్పు ఎంతో బయటపడుతుంది. కాని ఇస్లాం ధర్మం నికాహ్‌ను ఇల్లు కట్టినంత బరువైన పనిగా మన మీద పెట్టలేదు. ఇద్దరు సాక్షులు, వలీ అంగీకారం, మహర్, ఈజాబ్-ఖుబూల్... నాలుగు మాటల్లో ముగిసే ఆరాధన అది. దానిని మోయలేని బరువుగా మార్చుకున్నది మనమే.

ఆ కాగితం

ఏలూరు పక్కనే ఉన్న వట్లూరులో ఒక జుమా నాడు నమాజు ముగిశాక ఒక సోదరుడు మా దగ్గర కూర్చున్నాడు. కొల్లేటి చెరువుల నుంచి చేపలను ఏలూరు మార్కెట్టుకు చేరవేసే ట్రాలీ ఆటో నడుపుతాడు. తెల్లవారుజామున మూడు గంటలకే బండి తీసే మనిషి. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి మా చేతిలో పెట్టాడు. పెద్దమ్మాయికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. ఆ కాగితం పెళ్ళి ఖర్చుల లెక్క. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఆ లెక్కను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అబ్బాయికి 'జోడా' పేరుతో 1,50,000. నగలకు 1,60,000. మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌కు 90,000. ఫంక్షన్ హాలుకు, స్టేజీ అలంకరణకు 80,000. అయిదు వందల మందికి బిర్యానీకి 1,75,000. ఫోటోలు, వీడియో, డ్రోన్‌కు 40,000. శుభలేఖలు, బట్టలు, చిల్లర ఖర్చులకు 45,000. మొత్తం 7,40,000 రూపాయలు.

చేతిలో ఉన్నది 1,90,000. ఊరవతల ఉన్న సెంటున్నర స్థలం అమ్మితే రెండున్నర లక్షలు వస్తాయట. మిగిలిన మూడు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడట.

"దుఆ చేయండి హజ్రత్" అన్నాడు. కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు: "ఇంకా తక్కువలో చేసే దారి ఏదైనా ఉంటే చెప్పండి. కాని ఒక్కటే మాట. మొదటి కూతురు. ఆ పెళ్ళి పదిమందికీ గుర్తుండిపోవాలి."

ఆ మాటలో తప్పు లేదు. బిడ్డ పెళ్ళి కలకాలం గుర్తుండాలని ఏ తండ్రి కోరుకోడు? అయితే ఏది గుర్తుంటుందో ముందు తెలుసుకోవాలి. ఇలాంటి కాగితం నేడు మనలో ఎన్నో ఇళ్ళలో ఖుర్ఆన్ గిలాఫు పక్కనే, అదే అలమారులో ఉంది. అందుకే ఆయనకు మేము చెప్పిన మాటలను ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

గుర్తుండిపోయేది ఏది?

హిజ్రీ 7వ సంవత్సరం, అంటే క్రీస్తుశకం 628. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖైబర్ నుంచి మదీనాకు తిరిగి వస్తున్నారు. దారిలో విడిది చేసినచోట హజ్రత్ సఫియ్యా (రజి)తో ఆయన వివాహం జరిగింది. వలీమాకు ముస్లిములను పిలిచిన హజ్రత్ అనస్ (రజి) స్వయంగా ఆ విందు ఎలా జరిగిందో తెలిపారు. బుఖారీ గ్రంథంలో ఆ ఉల్లేఖనం ఉంది. నేల మీద తోలు పరుపులు పరిచారు. వాటి మీద ఖర్జూరాలు, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి పోశారు. రొట్టె లేదు. మాంసం లేదు. ఉన్నదానినే అందరూ కలిసి తిన్నారు.

ఆలోచించండి. ఆ వరుడు అప్పటికే మదీనా పాలకులు. ఖైబర్ విజయం అప్పుడే లభించింది. ఆయన కోరితే ఎంత ఆర్భాటమైనా చేసి ఉండేవారు. అయినా తోలు పరుపు మీద ఖర్జూరాలే విందయ్యాయి. పధ్నాలుగు వందల ఏళ్ళు గడిచాయి. ఆ విందులో ఏం పెట్టారో నేటికీ మదరసాల్లో పిల్లలు చదువుకుంటున్నారు. మరి మనం క్రిందటేడు తిన్న నాలుగు పెళ్ళిళ్ళలో ఏ పెళ్ళిలో ఏ కూర వడ్డించారో మనలో ఎందరికి గుర్తుంది?

ఆయన (స) వివాహాల్లో వలీమాలన్నీ ఒకే తీరుగా కూడా జరగలేదు. హజ్రత్ జైనబ్ (రజి) వలీమాకు ఒక మేకను కోసి, రొట్టె, మాంసం కడుపునిండా పెట్టారు. అంతకన్నా పెద్ద వలీమా ఆయన తమ భార్యల్లో ఎవరికీ చేయలేదని అనస్ (రజి) అంటారు. మరొక భార్య వలీమా రెండు ముద్దుల బార్లీతోనే ముగిసింది. ముద్దు అంటే ఒక దోసిలి కొలత. మేక ఉన్ననాడు మేక. దోసెడు గింజలే ఉన్ననాడు దోసెడు గింజలు. లేనినాడు అప్పు తెచ్చి మేకను కోయలేదు. ఉన్ననాడు దాచుకుని దోసెడుతో సరిపెట్టలేదు. ఇదే సున్నతు. పిసినారితనమూ కాదు, దుబారా కూడా కాదు. కరుణామయుని దాసులు ఖర్చు పెట్టేటప్పుడు ఈ రెంటికీ నడుమ నిలుస్తారని 'ఫుర్ఖాన్' సూరాలో అల్లాహ్ మనకు బోధించాడు.

పిలవలేదని అలగని ప్రవక్త (స)

మన కాగితంలో అన్నిటికన్నా పెద్ద పద్దు బిర్యానీ. అయిదు వందల మంది ఎవరని ఆ సోదరుణ్ణి అడిగాము. "పిలవకపోతే బాధపడతారు హజ్రత్" అన్నాడు. అంటే ఆ అయిదు వందల మందిలో సగం మందిని పిలుస్తున్నది ప్రేమతో కాదు, భయంతో.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం వినండి. ఆయన మక్కాలో ఆస్తి వదిలి వట్టి చేతులతో మదీనా చేరారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ ఇచ్చి, ఆస్తి వద్దు, బజారుకు దారి మాత్రం చూపమన్నారు. ఎండు పెరుగు, నెయ్యి అమ్మి సంపాదించుకున్నారు. కొన్నాళ్ళకు దైవప్రవక్త (స) ఆయన బట్టల మీద పసుపుపచ్చని సుగంధపు మరక చూసి ఏమిటి విశేషమని అడిగారు. ఒక అన్సారీ స్త్రీని వివాహమాడానని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చానని ఆయన చెప్పారు. అప్పుడు దైవప్రవక్త (స), ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమన్నారు.

ఈ హదీసును మనం వలీమా ప్రస్తావన కోసమే చదువుతాము. కాని ఇందులో మరొక పాఠం ఉంది. ఆ చిన్న మదీనాలో, తమ ప్రియ సహచరుని పెళ్ళి జరిగిన సంగతి దైవప్రవక్తకు (స) బట్టల మీది మరక చూశాకే తెలిసింది! నన్ను పిలవలేదేమని ఆయన అలగలేదు. నిష్ఠూరమాడలేదు. మహర్ ఇచ్చావా అని అడిగారు, వలీమా చేయమన్నారు. మరి మనం? శుభలేఖ ఇంటికి తెచ్చి ఇవ్వలేదని, ఫోనులో పిలిచారని అన్నదమ్ములతో ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉంటున్నాము. పెళ్ళికి పిలవని బంధువును క్షమించడం కూడా నికాహ్‌ను తేలిక చేసే పుణ్యకార్యమేనని గ్రహించండి.

ఇక ఎవరిని పిలవాలి? సంపన్నులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం అన్ని భోజనాల్లోకీ చెడ్డదని హదీసు హెచ్చరిస్తోంది. మన జాబితాలో కౌన్సిలరు గారు ఉంటారు, కాంట్రాక్టరు గారు ఉంటారు. మసీదు మెట్ల మీద కూర్చునే ముసలమ్మ పేరు ఉండదు. జాబితాను తగ్గించాలంటే పై నుంచి తగ్గించాలి. కింది నుంచి కాదు.

ఖర్చు ఎవరిది?

ఆ కాగితాన్ని మరోసారి చూద్దాం. ఏడు పద్దులు. ఏడూ అమ్మాయి తండ్రి నెత్తిన! షరీఅతులో చూస్తే మహర్ ఇవ్వాల్సింది వరుడు. వలీమా చేయాల్సింది వరుడు. ఇల్లు చూపి, తిండి, బట్ట సమకూర్చాల్సింది వరుడు. స్త్రీలకు వారి మహర్‌ను సంతోషంగా ఇవ్వమని 'నిసా' సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అమ్మాయి తండ్రి విందు పెట్టాలనిగాని, అబ్బాయికి సొమ్ము ముట్టజెప్పాలనిగాని ఏ ఆయతులోనూ, ఏ హదీసులోనూ లేదు. మన లెక్క తలకిందులైంది. ఇవ్వాల్సినవాడు తీసుకుంటున్నాడు.

'ఫాతిమీ జహేజ్' అనే మాట పట్టుకుని కొందరు దీనికి ధర్మం రంగు పూస్తారు. హజ్రత్ ఫాతిమా (రజి)కు తండ్రి ఇచ్చినవి ఏమిటో హదీసులో ఉంది. ఒక ఉన్ని దుప్పటి, నీళ్ళు మోసే తోలుసంచి, గడ్డి కూరిన తోలు దిండు. హజ్రత్ అలీ (రజి) చిన్ననాటి నుంచి దైవప్రవక్త (స) సంరక్షణలోనే పెరిగారు. కొత్త కాపురం పెట్టే ఇద్దరికీ పెద్దదిక్కు ఆయనే. ఆ పెద్దరికంతోనే కాపురానికి కావలసినవి సమకూర్చారని ఉలమాలు వివరించారు. పైగా మహర్ మాట వచ్చినప్పుడు తన దగ్గర ఏమీ లేదన్న అలీ (రజి)ని ఆయన (స) ఊరికే వదిలిపెట్టలేదు. నీ హుతమీ కవచం ఏదీ అని అడిగారు. యుద్ధవీరుడు తన కవచాన్నే మహర్‌గా ఇవ్వాల్సి వచ్చింది. ఆ తోలు దిండును గుర్తుంచుకున్న మనం, ఈ కవచాన్ని ఎలా మరిచిపోయాము?

మన దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం ఇవ్వడాన్ని, తీసుకోవడాన్ని నేరంగా ప్రకటించింది. కట్నం అంటే ఏమిటో చెప్పే సెక్షన్‌లోనే, ముస్లిం పర్సనల్ లా వర్తించేవారి మహర్ కట్నం కిందికి రాదని స్పష్టం చేసింది. చట్టానికి తెలిసిన తేడా మన పెళ్ళి పెద్దలకు తెలియకపోతే ఎలా?

మరో మాట. ఖర్చు తగ్గించడమంటే మహర్‌ను నామమాత్రం చేయడం కాదు. దైవప్రవక్త (స) తమ భార్యలకు ఇచ్చిన మహర్ 500 దిర్హమ్‌లని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నేటి తూకంలో అది సుమారు ఒకటిన్నర కిలోల వెండి. మన దగ్గర జరుగుతున్నదేమిటి? రిజిస్టరులో గొప్పగా అంకె రాయిస్తారు. చేతికి పైసా ఇవ్వరు. చివరికి భర్త జనాజా దగ్గర, మహర్ మాఫ్ చేయమని ఏడుస్తున్న భార్యను అడుగుతారు. ఇది ఎంత సిగ్గుచేటు! తాహతుకు తగినంత రాయండి. రాసినది నికాహ్ నాడే ఆమె చేతిలో పెట్టండి. ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని, అదీ దొరకని పేద సహాబీకి, తనకు వచ్చిన ఖుర్ఆన్‌ను భార్యకు నేర్పడాన్నే మహర్‌గా అంగీకరించి ఆయన (స) పెళ్ళి చేశారు. తక్కువైనా ఫరవాలేదు. నిజమైనది కావాలి.

ఒక్కరోజు పెళ్ళి, ఏళ్ళ తరబడి వడ్డీ

మూడు లక్షలకు నూటికి మూడు రూపాయల చొప్పున నెలకు 9,000. ఏడాదికి 1,08,000. ఇది వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంటుంది. మూడేళ్ళు గడిస్తే కట్టిన వడ్డీయే అసలును దాటిపోతుంది. ఆ ట్రాలీ తోలే మనిషి తెల్లవారుజామున మూడు గంటలకు లేచేది ఇక తన పిల్లల కోసం కాదు, వడ్డీవ్యాపారి కోసం.

వడ్డీని వదలని వారితో అల్లాహ్, ఆయన ప్రవక్త (స) యుద్ధం ప్రకటించారని 'బఖరా' సూరా చివర హెచ్చరిక ఉంది. ఒక సున్నతును ఆ యుద్ధంతో మొదలుపెడితే అందులో బర్కత్ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పు విషయంలో మరొక సంఘటన గుండెను కదిలిస్తుంది. ఒక జనాజా తెచ్చినప్పుడు, మృతునికి అప్పు ఉందా అని దైవప్రవక్త (స) అడిగారు. మూడు దీనార్లు ఉందన్నారు. మీ సహచరుని జనాజా నమాజు మీరే చేయండని ఆయన పక్కకు తప్పుకున్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చి ఆ అప్పు తన బాధ్యత అన్నాకే నమాజు చేయించారు. అది అవసరానికి చేసిన మూడు దీనార్ల అప్పు. డ్రోన్ కోసం, స్టేజీ పూల కోసం చేసిన అప్పుతో మనం ఏ ముఖంతో వెళతాము?

ఈ మాటలు అంటుండగా ఆ సోదరుడు తల వంచుకుని ఒక సంగతి చెప్పాడు. డిగ్రీ పాసైన ఆ అమ్మాయి ముందురోజు రాత్రి ఈ కాగితం చూసిందట. చూసి, "అబ్బా, నా పెళ్ళి మీకు గుర్తుండాలి గాని వడ్డీవాడికి గుర్తుండకూడదు" అన్నదట.

మేము రాసే ఈ పేజీలన్నిటికన్నా ఆ బిడ్డ అన్న ఒక్క మాట బరువైనది.

కొల్లేటి గట్లు

వట్లూరు వారికి కొల్లేరు కొత్తగా చెప్పనక్కర లేదు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. మొదట ఒకరు చేపల చెరువుకు గట్టు వేశారు. లాభం కనిపించింది. పక్కవాడూ వేశాడు. చూస్తుండగానే సరస్సంతా గట్లే అయ్యాయి. నీరు నడిచే దారి మూసుకుపోయింది. వానాకాలం వస్తే లంక గ్రామాల్లో పేదవాడి ఇల్లు మునిగింది. 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించినా, 2006లో ఆ గట్లను కొట్టివేయాల్సి వచ్చింది.

మన ఆచారాలు కూడా ఇలాంటి గట్లే. ఒక కలిగినవాడు తన కూతురికి కారు ఇచ్చాడు. అతనికి అది ఒక గట్టు మాత్రమే. తరవాతివాడు మోటారు సైకిలన్నా ఇవ్వకపోతే ఎలా అనుకున్నాడు. ఒకరు మంగ్నీకే హాలు తీసుకున్నారు. ఇంకొకరు హల్దీకి కూడా స్టేజీ వేశారు. గట్టు మీద గట్టు. నికాహ్ అనే ప్రవాహం నడిచే దారి మూసుకుపోయింది. మునిగినది ఎవరి ఇల్లు? గట్టు వేసినవాడిది కాదు. ట్రాలీ తోలేవాడిది, కుట్టుమిషను మీద బతికే వితంతువుది, ముప్ఫై ఏళ్ళు దాటినా ఇంట్లోనే ఉండిపోయిన మన బిడ్డది.

కాబట్టి గట్టు తెంచడం ఎక్కడ మొదలవ్వాలి? పేదవాడితో కాదు. అతను సాదాగా చేస్తే "లేక చేశాడు" అంటారు. కలిగినవాడు మసీదులో నికాహ్ చేసి, పదివేల మందికి పెట్టగలిగి కూడా వందమందికే పెడితే అది ఊరికి ఆదర్శమవుతుంది. ధనిక సోదరులారా! మీ కూతురి పెళ్ళిలో మీరు తగ్గించే ప్రతి రూపాయి, మీ వీధిలోని పేదవాడి కూతురికి మీరు ఇచ్చే దానమే.

"నలుగురూ ఏమనుకుంటారు?"

ఈ ప్రశ్నకు జవాబు మనకు 2020లోనే దొరికింది. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో పెళ్ళికి 50 మందికి మించకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. హాళ్ళు మూతపడ్డాయి. బ్యాండు లేదు, బారాత్ లేదు. ఇంటి వరండాలో చాపల మీద నికాహ్‌లు జరిగాయి. ఆ పెళ్ళిళ్ళు చెల్లలేదా? ఆ దంపతులకు బర్కత్ తగ్గిందా? ఆ పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. పోలీసు భయంతో చేయగలిగిన పనిని అల్లాహ్ భయంతో చేయలేకపోవడం మన విశ్వాసానికి పరీక్ష కాదా?

"ఇన్నాళ్ళూ నలుగురి పెళ్ళిళ్ళలో తిన్నాము. తిరిగి పెట్టవద్దా?" అని ఆ సోదరుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పెట్టాలి. కాని అన్నం పెట్టడానికి పెళ్ళి ఒక్కటే సందర్భం కాదు. రమజానులో ఇఫ్తారు ఉంది, బక్రీదు ఉంది. బాకీ ఉన్న నాలుగిళ్ళను ఒక్కొక్క పూట పిలిచి ఆప్యాయంగా వడ్డిస్తే, హాలులో వెయ్యి మంది మధ్య తోసుకుంటూ తిన్న భోజనం కన్నా అదే వారికి గుర్తుంటుంది.

కొత్త కాగితం

ఆ సాయంత్రం మసీదు జంఖానా మీద కూర్చుని, పాత కాగితం వెనకవైపు కొత్త లెక్క రాశాము.

జోడా: కొట్టివేత. సామాన్ల జాబితా: కొట్టివేత. డ్రోన్: కొట్టివేత. నికాహ్ మసీదులో, అసర్ నమాజు తరవాత. వచ్చిన వారందరికీ ఖర్జూరం, షర్బత్: 5,000. తివాచీలకు పేరుపడ్డ ఏలూరు పక్కన ఉన్నవాళ్ళం, పెళ్ళికొడుకు కూర్చోవడానికి సింహాసనం అద్దెకు తేవాల్సిన అవసరం మనకేముంది? తాడేపల్లిగూడెం నుంచి నలభై మంది, ఇరుగుపొరుగు అరవై మంది, మొత్తం వందమందికి ఇంటి ముందు షామియానాలో భోజనం: 25,000. ఇది అమ్మాయి తండ్రిపై విధి కాదు, దూరం నుంచి వచ్చినవారికి చేసే అతిథి మర్యాద మాత్రమే. బట్టలకు 20,000. తండ్రి తన ఇష్టంతో బిడ్డకు ఇచ్చే బంగారం 60,000, అది ఆమె సొంతం. చిల్లర ఖర్చులకు 10,000. మొత్తం 1,20,000. స్థలం అమ్మనక్కర లేదు. వడ్డీ గడప తొక్కనక్కర లేదు. మిగిలిన 70,000 అమ్మాయి పేర బ్యాంకులో ఉంటుంది.

భోజనానికి ఏమి పెట్టాలన్నప్పుడు మేము నవ్వి, "నీ బండిలో రోజూ వెళ్ళేదే పెట్టు" అన్నాము. నీటి వేటను అల్లాహ్ మనకు హలాల్ చేశాడు. కొల్లేటి పక్కన పుట్టి బొచ్చె, శీలావతి పులుసుతో విందు చేయడానికి నామోషీ దేనికి? పెళ్ళంటే బిర్యానీయే అన్నది షరీఅతు కాదు, అలవాటు. శాకాహారులైన హిందూ ఇరుగుపొరుగు కోసం వేరుగా పప్పు, కూర చేయిస్తే వారూ కడుపునిండా తిని దీవిస్తారు.

ఆ పెళ్ళిని చిరస్మరణీయం చేసే పనులు కూడా అదే కాగితం మీద రాశాము. వాటికి డబ్బుతో పని లేదు.

మొదటిది, నికాహ్ ఖుత్బాలో చదివే ఆయతుల భావాన్ని వధూవరులకు తెలిసిన భాషలో వివరించడం. ఆ ఆయతులు మళ్ళీ మళ్ళీ చెప్పేది దైవభీతి గురించి, సూటిగా మాట్లాడటం గురించి. పెళ్ళి నాడు అర్థం కాని ఖుత్బా, కాపురంలో ఎలా అక్కరకొస్తుంది?

రెండవది, మహర్‌ను అందరి ఎదుట అమ్మాయి తరఫువారికి అప్పగించి, వెంటనే ఆమె చేతికి చేర్చడం. ఆ దృశ్యం చూసిన పిల్లలు జీవితాంతం మరిచిపోరు.

మూడవది, ఇరుగుపొరుగు తలా ఒక వంటకం వండి తేవడం. హజ్రత్ జైనబ్ (రజి) వివాహ సందర్భంలో అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఖర్జూరం, నెయ్యి కలిపిన 'హైస్' ఒక పాత్రలో కొడుకు చేత పంపారు. సలాం చెప్పి, ఇది మా తరఫున కొద్దిగా అని చెప్పమన్నారు. దైవప్రవక్త (స) దారిలో కనిపించినవారందరినీ పిలిపించారు. పదిమంది చొప్పున కూర్చుని సుమారు మూడు వందల మంది తృప్తిగా తిన్నారు. పేదింటి పెళ్ళికి వెళుతూ కవరులో నోటు పెట్టడం కన్నా, ఒక గిన్నె తీసుకెళ్ళి "ఇది మా తరఫున కొద్దిగా" అనడం ఎంత అందమైన సున్నతు!

నాల్గవది, జమాఅతు చేయాల్సిన పని. పది ఇళ్ళవాళ్ళు కలిసి నెలకింత వేసుకుని, వేలం పాట లేకుండా వంతులవారీగా తీసుకునే చీటీ నడిపితే, ఆడబిడ్డ పెళ్ళి కోసం ఎవరూ వడ్డీవ్యాపారి దగ్గరకు వెళ్ళనక్కర లేదు. వంటపాత్రలు, జంఖానాలు, షామియానా మసీదు తరఫున కొని ఉంచితే అద్దె ఖర్చు కూడా మిగులుతుంది.

అబ్బాయిలతో ఒక మాట

కొత్త కాగితం రాసుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. ఆ సోదరుడు లేస్తూ, "అంతా బాగుంది హజ్రత్. మరి అబ్బాయి తరఫువారు ఒప్పుకోకపోతే? సంబంధం తప్పిపోతే?" అన్నాడు. ఆయన గొంతు వణికింది. ఆ భయం ముందు ఏ ఉపన్యాసమూ నిలవదని మాకు తెలుసు.

అందుకే రెండు మసీదుల పెద్దలతో కలిసి మేమూ తాడేపల్లిగూడెం వెళ్ళాము. మాటలు మూడు గంటలు సాగాయి. అబ్బాయి తల్లి, "మేము అడగడం లేదు, వాళ్ళ సంతోషం కొద్దీ ఇస్తారు" అన్నారు. ఈ మాట మీరందరూ వినే ఉంటారు. అప్పు చేసి ఇచ్చేది సంతోషం ఎలా అవుతుందని మేము అడిగాము. జోడా మాట వదులుకున్నారు. మంచం, బీరువా మాట మాత్రం ఇంకా నలుగుతోంది. ఆ మూడు గంటలూ అబ్బాయి గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

యువకులారా! ఆ కాగితంలో రాయని పద్దు ఒకటి ఉంది. అన్నిటికన్నా ఖరీదైనది అదే. అది మీ మౌనం. "అమ్మ మాట కాదనలేను" అంటారు. తల్లికి సేవ చేయడం స్వర్గానికి మార్గమే. కాని ఇంకొకరి తండ్రిని అప్పులపాలు చేసే పనిలో తల్లికి విధేయత చూపమని ఏ హదీసూ చెప్పలేదు. సృష్టికర్తకు అవిధేయత అయ్యే చోట సృష్టిలో ఎవరికీ విధేయత లేదన్నది ధర్మసూత్రం. తల్లితో మర్యాదగా, చేయి పట్టుకుని చెప్పండి: "అమ్మీ, నా భార్య పడుకునే మంచం నేను కొంటాను." ఇంత చాలు. సగం ఆస్తి ఇస్తానన్నా వద్దని బజారుకు దారి అడిగిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మీకు ఆదర్శం. మామగారి స్థలం అమ్మించి కాపురం మొదలుపెట్టినవాడు ఆ ఇంట్లో ఏ ముఖంతో తలెత్తుకుంటాడు?

ఆడబిడ్డల తండ్రులారా! పేదరికానికి జంకి పెళ్ళిళ్ళు ఆపవద్దని, దంపతులు పేదవారైతే అల్లాహ్ తన అనుగ్రహంతో వారిని సంపన్నులను చేస్తాడని 'నూర్' సూరాలో వాగ్దానం ఉంది. వాగ్దానం చేసినవాడు ఖజానాలకు యజమాని. వడ్డీకిచ్చేవాడి కన్నా ఆయన మీదే నమ్మకం పెట్టండి.

ఓ అల్లాహ్! మా నికాహ్‌లను తేలిక చేయి. మా బిడ్డల కాపురాలను వడ్డీ నీడ నుంచి, అప్పు భయం నుంచి కాపాడు. మా యువకులకు ఇచ్చే చేతులను, నోరు విప్పే ధైర్యాన్ని ప్రసాదించు. వట్లూరు ఇంటి ముందు వేసే ఆ చిన్న షామియానాలో, నీ ప్రవక్త (స) తోలు పరుపు మీద కురిసిన బర్కత్‌లో ఒక చినుకైనా కురిపించు. ఆమీన్.